బొమ్మల పుస్తకంతో భాగహారం

వస్తువులు పంచుకునే కథ ఉన్న బొమ్మల పుస్తకం ఎంచుకోండి. పంపకం వచ్చే చోట పేజీ తిప్పకుండా ఆగి, పిల్లలకు 12 గింజలు ఇవ్వండి. బొమ్మలో ముగ్గురుంటే మూడు కాగితాలు పరిచి, ఒక్కోదాని మీద ఒక్కో గింజ చొప్పున అయిపోయేదాకా పెట్టించండి. చాలామంది గుప్పెడేసి పెట్టేస్తారు, వాటాలు తేడా వస్తాయి. మీరు సరిదిద్దకండి. "అందరికీ సమానంగా వచ్చాయా?" అని అడిగితే వాళ్లే లెక్కపెట్టి సర్దుతారు, అసలు నేర్చుకునేది అక్కడే.

ఇంకో రోజు అవే 12 గింజలను మూడేసి చొప్పున కుప్పలు పెట్టించండి. ఈసారీ జవాబు 4. కానీ మొన్న అది ఒక్కొక్కరి వాటా, ఇవాళ కుప్పల లెక్క. ఈ రెండూ చేతులతో చేశాకే భాగహారం గుర్తు చూపించాలి. తర్వాత 13 గింజలివ్వండి. ఒకటి మిగిలిపోతుంది, శేషం అనే మాట అప్పుడు చెప్పండి.