గ్రాంట్‌చెస్టర్‌లో కోట లేదు మాస్టారూ

మన బడి పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాసి పంపమని కమిటీ కబురు. నేరేడు చెట్టు, ప్రేయరు బెల్లు, హెడ్మాస్టారి సైకిలు ఎలాగూ మన 'రేడియో' రాస్తాడు. నేను డస్టర్ మాస్టారితో సరిపెడతాను.

ఊరిపేర్ల పాఠం గుర్తుందిగా? "పాత రూపాలు పట్రండి, ఏడాదుల వరసన పేర్చండి, అర్థం ఆ తర్వాత." రాజమండ్రిలో మండ్రగబ్బని వెతికినవాడికి పడిన డస్టరు బి సెక్షనంతా చూసింది.

కేంబ్రిడ్జి పక్కనున్న గ్రాంట్‌చెస్టర్ ఆయన పద్ధతికి అచ్చమైన పరీక్ష. చెస్టర్ కనబడగానే రోమన్ల కోట అనేస్తాం. ఇంగ్లండు రాజు ఊరూరా రాయించిన భూముల లెక్క, 1086 నాటి డోమ్స్‌డే సర్వేలో ఆ ఊరు 'గ్రాంటెసెటా'. గ్రాంటా నది పేరు, 'సేటె' అంటే అక్కడ కాపురమున్న జనం. డోర్‌సెట్, సోమర్‌సెట్‌ల చివరనున్నదీ ఇదే. చెస్టర్ తర్వాత వచ్చి అతుక్కుంది. చెవికి దగ్గర, పైగా అందరికీ అలవాటైన తోక. 731లో ఇంగ్లీషువాళ్ళ చర్చి చరిత్ర రాసి ముగించిన సన్యాసి బీడ్ చిక్కు ఇంకా పెంచాడు. 695లో ఈలీ మఠంవాళ్ళకి పాలరాతి శవపేటిక దొరికిన పాడుబడ్డ పట్నాన్ని 'గ్రాంటాకేస్టిర్' అన్నాడు. పేరు చూసి ఇదే ఊరనుకుంటే బోర్లా పడ్డట్టే. అది కేంబ్రిడ్జి కోటదిబ్బ దగ్గరి రోమన్ ఊరు.

కేంబ్రిడ్జి సంగతి మరీ తమాషా. మొదట గ్రాంటెబ్రిజ్, అంటే గ్రాంటా మీది వంతెన. 1066లో ఇంగ్లండుని గెలిచిన, ఫ్రెంచి మాట్లాడే నార్మన్ల నోట రెండు రకారాల్లో ఒకటి జారిపోయి, గ కాస్తా క అయింది. పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్ రాసింది కాంటెబ్రిగ్గే. ట కూడా పోయాక న నేరుగా బ పక్కకొచ్చి మ అయింది. సంధి సూత్రం చెప్పకుండా మాస్టారు ఊరుకునేవారు కాదు! చివరికి ఊరి పేరు చూసి నదినే కామ్ అనేశారు. పైభాగం మాత్రం ఇంకా గ్రాంటాయే.

1943లో రీనీ వేసిన కేంబ్రిడ్జిషైర్ ఊరిపేర్ల సంపుటంలోనూ ఇదే వరస, రూపం పక్కన ఏడాది. ఆ సంపుటం నా బల్ల మీదుంటుంది. ఇలాంటి పాత కాగితాలు చదివినందుకే ఇక్కడ నాకు జీతం.

లండన్ వచ్చే బి సెక్షన్ వాళ్ళు కింగ్స్ క్రాస్‌లో రైలెక్కండి, గంటలోపే కేంబ్రిడ్జి. ఊళ్ళోంచి ఏటి ఒడ్డున పచ్చికబయళ్ళలో రెండు మైళ్ళు నడిస్తే గ్రాంట్‌చెస్టర్. భోజనం నాది. కోటెక్కడని అడిగినవాడిది బిల్లు.