బెర్లిన్‌లో రెండు మార్కుల ప్రశ్న

మా అమ్మాయి రెండేళ్లుగా పోరుతుంటే ఈ వేసవిలో బెర్లిన్ వెళ్లాం. వచ్చినవాళ్లంతా ముందు గోడ చూస్తారట. నేను మాత్రం దిగిన మర్నాడే "విర్కో మ్యూజియం ఎక్కడుందమ్మా?" అని అడిగాను. అల్లుడు కాసేపు తికమకపడి, "ఫిర్షోనా మామయ్యా?" అన్నాడు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను, ఆ పేరు ఒక్కనాడూ సరిగా పలకలేదన్నమాట!

కణ సిద్ధాంతం మా బడిలో రెండు మార్కుల ప్రశ్న. జీవులన్నీ కణాలతో నిర్మితమయ్యాయి: 1838–39, జర్మన్ శాస్త్రవేత్తలు ష్లీడన్, ష్వాన్. కొత్త కణాలు ఉన్న కణాల నుంచే పుడతాయి: 1855, జర్మన్ వైద్యుడు విర్కో. పిల్లలు బట్టీపట్టేవారు, నేను టిక్కు పెట్టేవాణ్ణి.

తీరా వెళితే ఆ రోజు సోమవారం, మ్యూజియానికి సెలవు. ఉత్త చేతులతో తిరిగి రావడమెందుకని దగ్గర్లోనే కార్ల్‌ప్లాట్జ్‌లో ఉన్న ఫిర్షో స్మారకం దాకా నడిచాం. గడ్డం, కళ్లజోడు ఉన్న పెద్దాయన విగ్రహం ఉంటుందనుకున్నా. పీఠం మీద చూస్తే కండలు తిరిగిన నగ్న పురుషుడొకడు ఏదో మృగాన్ని ఒడిసిపట్టి అదుముతున్నాడు. రోగంతో పోరాటమని దాని భావం. 1910లో పెట్టారు. అసలు మనిషి ముఖం కింద పీఠానికి చెక్కి ఉంది, వెతుక్కుంటే కనిపిస్తుంది. మా ఆవిడ పైకి చూసి, "డాక్టరుగారికి బట్టల్లేవేంటండీ?" అంది.

అక్కడే బల్ల మీద కూర్చుని ఆవిడకు ఈ ఊళ్లో జరిగిన ఒక భోజనం కథ చెప్పాను. 1837 అక్టోబరులో ష్లీడన్, ష్వాన్ కలిసి భోంచేస్తున్నారు. మొక్కల కణాల్లో కేంద్రకం ఎంత ముఖ్యమో ష్లీడన్ చెబుతున్నాడు. ష్వాన్‌కు చటుక్కున గుర్తొచ్చింది, చిరుకప్ప పృష్ఠవంశంలో (వెన్నెముక స్థానంలో ఉండే మెత్తటి కడ్డీలో) తానూ అలాంటివే చూశాడని. ఇద్దరూ లేచి తిన్నగా ప్రయోగశాలకు వెళ్లి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. అవే! మొక్కకూ జంతువుకూ కట్టుబడి ఒకటేనని తేలింది. నలభై ఏళ్ల తర్వాత, తన సన్మానమప్పుడు ష్వానే ఈ సంగతి చెప్పుకున్నాడు.

పాఠంలో మేం దాటేసే భాగం దీని తర్వాతది. కొత్త కణం ఎలా పుడుతుందన్న దగ్గర ఇద్దరూ తప్పులో కాలేశారు. పటికబెల్లం పాకంలో పలుకులు కట్టినట్టు, కణాలు ఒక ద్రవంలోంచి వాటంతటవే ఏర్పడతాయన్నారు. ఇది తలుచుకుంటే మా తొమ్మిదో తరగతి ప్రాక్టికల్సే గుర్తొస్తాయి. ఉల్లిపొర తీసి, సఫ్రనిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి, పైన కప్పే పల్చటి గాజుపలక, అదే కవర్‌స్లిప్, దభీమని పడేస్తారు. లోపల గాలి బుడగలు చేరతాయి. నల్లటి అంచుతో గుండ్రంగా, మహా అందంగా ఉంటాయవి. సగం మంది రికార్డులో ఆ బుడగనే గీసి కింద 'కణం' అని రాసేవారు. నేను ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ణి. అంతంత పెద్దవాళ్లు పొరబడ్డారని అప్పుడే చెప్పి ఉంటే పిల్లలు కాస్త తేలికపడేవారేమో.

ఆ తప్పును దిద్దిన మొదటివాళ్లలో రాబర్ట్ రీమాక్ ఒకడు. ఆయన పేరు నేనెప్పుడూ బోర్డు మీద రాయలేదు. రీమాక్‌దీ ఈ ఊరి విశ్వవిద్యాలయమే. 1841 ప్రాంతంలోనే కోడి పిండంలో రక్తకణాలు రెండుగా చీలడం గమనించాడు. జంతు కణాలన్నీ విభజనతోనే వస్తాయని 1852లో అచ్చులో చెప్పాడు. యూదుడు. మతం మారితే దారి సులువయ్యేది, మారనన్నాడు. పూర్తి స్థాయి ప్రొఫెసర్ పదవి చివరిదాకా దక్కలేదు. మూడేళ్ల తర్వాత ఫిర్షో అదే మాట, రీమాక్ పేరెత్తకుండా రాశాడు. 'ప్రతి కణమూ కణం నుంచే' అన్న ఆ లాటిన్ వాక్యం కూడా ఫిర్షో సొంతం కాదు, ఫ్రాన్సులో రస్పాయ్ అనే శాస్త్రవేత్త 1825లోనే వాడాడు. ఫిర్షో గొప్పతనం వేరే ఉంది. రోగం పుట్టేది కణంలోనే అని 1858లో ఇరవై ఉపన్యాసాలిచ్చి వైద్యాన్నే మలుపు తిప్పాడు. దాన్నెవరూ కాదనరు. అయినా ఆ రెండు మార్కుల్లో ఒక అర మార్కు రీమాక్‌ది.

మంగళవారం మళ్లీ వెళ్లాం. ఈ మ్యూజియం 1899లో ఫిర్షో తెరిచిందే. గాజు సీసాల్లో రోగంతో పాడైన అవయవాలు వరసలు వరసలుగా ఉన్నాయి. వికలాంగ శిశువుల సీసాల దగ్గరికొచ్చేసరికి మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. నేను ఒక కాలేయం ముందు చాలాసేపు నిలబడ్డాను. మామూలుగా నున్నగా ఉండాల్సింది, కాకరకాయలా బొడిపెలు తేలింది. అంత పెద్ద ముద్దను చూసి, తప్పు జరిగింది కంటికి ఆనని కణంలో అని ఆ రోజుల్లో అనడానికి ఎంత ధైర్యం కావాలి! ఆయన ఉపన్యాస మందిరం యుద్ధంలో బాంబులకు కూలింది. ఆ ఇటుక గోడల్ని అలాగే ఉంచి ఇప్పుడు సభలకు వాడుతున్నారు.

తిరుగు ప్రయాణంలో ట్రాం ఎక్కాం. ఎనభై దాటిన ఫిర్షో 1902 జనవరిలో కదిలే ట్రాం మీంచి దూకి తుంటి విరగ్గొట్టుకున్నాడని, ఆ సెప్టెంబరులో పోయాడని మా అమ్మాయికి చెబుతున్నాను. ఈలోగా మా స్టాపొచ్చింది. ఆర్టీసీ బస్సుల అలవాటు కదా, ఇంకా ఆగకముందే లేచి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. అమ్మాయి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "నాన్నా, కూర్చో. ఇప్పుడేగా చెప్పావు!"