మూడు దాటిన అబ్సార్బెన్స్‌ని నేను నమ్మను

మొన్న మా ల్యాబ్‌లో జూనియర్ కాలిబ్రేషన్ గ్రాఫ్ (సొల్యూషన్ చిక్కదనానికి ఎదురుగా అబ్సార్బెన్స్‌ని, అంటే అది ఎంత వెలుగు మింగిందో చెప్పే అంకెని, పెట్టి గీసే గ్రాఫ్) పట్టుకొచ్చి, “అక్కా, లైన్ కింద బానే ఉంది గానీ పైకెళ్లేకొద్దీ వంగిపోతోంది, స్టాక్ సరిగ్గా కలపలేదేమో, మళ్లీ చేయనా?” అని అడిగింది. స్టాక్ అంటే పలచన చేయడానికి ముందు కలిపి పెట్టుకునే చిక్కటి సొల్యూషన్. తను కొలిచింది పర్మాంగనేట్ అనే ఊదారంగు రసాయనాన్ని, స్పెక్ట్రోఫోటోమీటర్ అనే వెలుగు కొలిచే మిషన్‌లో, 525 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుగు దగ్గర. చివరి పాయింట్ 2.7 దగ్గర ఆగిపోయింది. ఆ సొల్యూషన్ ఉన్న క్యూవెట్ (శాంపిల్ పోసే చిన్న పారదర్శక గిన్నె) తీసి వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే ముదురు వంకాయ రంగు, అవతల పక్క వేలు పెడితే వేలే కనపడట్లా. స్టాక్ పారబోయకు, ఇదే సొల్యూషన్‌ని సరిగ్గా పదింతలు పలచన చేసి చూడు అన్నా. చేసింది. 0.41 వచ్చింది.

అంటే అసలుది 4.1 రావాలి కదా. మరి మిషన్ 2.7 అని ఎందుకంది?

ఇక్కడే మనందరం మర్చిపోయే సంగతి ఒకటుంది. మిషన్ అబ్సార్బెన్స్‌ని కొలవదండీ. దానికి తెలిసిందల్లా డిటెక్టర్ మీద ఎంత వెలుగు పడింది అన్నదే. బ్లాంక్ (కొలవాల్సిన పదార్థం లేని ఉత్త ద్రావకం) పెట్టినప్పుడు ఇంత పడింది, శాంపిల్ పెట్టినప్పుడు ఇంత పడింది, రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే ట్రాన్స్‌మిటెన్స్, దానికి లాగ్ తీసి ముందు మైనస్ పెడితే అబ్సార్బెన్స్, అంతే, మిగతాదంతా లెక్కే. పది శాతం వెలుగు బయటికొస్తే 1, ఒక శాతం వస్తే 2, 0.1 శాతం వస్తే 3. ఇంక 4.1 అంటే పన్నెండు వేల ఐదొందల వంతుల్లో ఒక్క వంతు వెలుగు దాటి వచ్చినట్టు. అంత చిన్న దాన్ని కొలవమని ఓ మామూలు టీచింగ్ ల్యాబ్ మిషన్‌ని అడగడం అన్యాయం.

పైగా స్ట్రే లైట్ ఉంటుంది. 525 పంపమంటే గ్రేటింగ్ (వెలుగుని రంగులుగా విడదీసే పలక) ముక్కుసూటిగా 525 ఒక్కటే పంపదు, వేరే వేవ్‌లెంగ్త్‌ల వెలుగు కాస్త అటూ ఇటూ తగిలి లోపలికి దూరిపోతుంది. పర్మాంగనేట్ ఆకుపచ్చ వెలుగుని మింగేస్తుంది గానీ ఎరుపునీ ఊదానీ పెద్దగా పట్టించుకోదు, అందుకేగా మన కంటికి ఆ రంగులో కనపడేది. సో ఆ దొంగ వెలుగు హాయిగా దాటుకుని డిటెక్టర్ మీద పడుతుంది. డిటెక్టర్‌కి రంగులు తెలీవు, వెలుగంటే వెలుగే. స్ట్రే లైట్ 0.2 శాతం అనుకోండి, నిజంగా రావాల్సిన వెలుగేమో 0.008 శాతం, రెండూ కలిపితే 0.208, లాగ్ తీస్తే 2.68. ఆ అమ్మాయి గ్రాఫ్‌లో పాయింట్ దాదాపు అక్కడే కూర్చుంది! ఇంకా చిక్కటి సొల్యూషన్ పెట్టినా 2.7 దాటి కదలదు. స్టాక్ తప్పేం లేదు పాపం.

ఈ లాగ్ గొడవ అసలెందుకు అని నాకూ చదువుకునే రోజుల్లో చిరాగ్గా ఉండేది. క్యూవెట్‌ని సన్నటి పొరలుగా ఊహించుకుంటే అర్థమైంది. మొదటి పొర వచ్చిన వెలుగులో సగం తినేస్తే రెండో పొరకి మిగిలేది సగమే, అది మళ్లీ అందులో సగం తింటుంది, మూడోది ఆ మిగిలినదాంట్లో సగం. తీసివేత కాదు, భాగహారం. లాగ్ తీస్తేనే అది పొరకింత అని కూడుకునే లెక్కగా మారుతుంది. ఈ పొరల సంగతిని 1729లోనే బూగేర్ అనే ఫ్రెంచాయన పట్టుకున్నాడు, 1760లో లాంబర్ట్ లెక్కగా రాశాడు, సొల్యూషన్ చిక్కదనం సంగతి 1852లో బీర్ తేల్చాడు. ఇప్పుడు దీన్ని బీర్-లాంబర్ట్ లా అంటారు, చివర్లో వచ్చినాయన పేరు ముందర పడింది, మొదటాయన పేరు చాలా పుస్తకాల్లో కనపడను కూడా కనపడదు.

పాత ముల్లు మీటర్ల మీద పని చేసినవాళ్లకి ఇదంతా చెప్పక్కర్లేదు. ఆ డయల్ మీద రెండు స్కేళ్లు ఉండేవి, ట్రాన్స్‌మిటెన్స్ గీతలు సమానంగా, అబ్సార్బెన్స్ గీతలు కుడివైపు విశాలంగా ఉండి ఎడమకి పోయేకొద్దీ ఒకదాని మీద ఒకటి ఎక్కేసి ఉండేవి. 1 నుంచి 2 దాకా ఉన్నదంతా డయల్‌లో పదో వంతు కన్నా తక్కువ జాగాలో ఇరుక్కునేది. అక్కడ రీడింగ్ తీస్తే అది ఊహే అని ముల్లే చెప్పేసేది. ఇప్పుడు స్క్రీన్ మీద 2.684 అని మూడు దశాంశాలు మెరుస్తుంటే ఎవరికి అనుమానమొస్తుంది చెప్పండి.

నేనేమీ తక్కువ తినలేదు లెండి. ఒకసారి డీఎన్‌ఏ శాంపిల్‌ని 260 నానోమీటర్ల యూవీ వెలుగు దగ్గర చూడటానికి మామూలు ప్లాస్టిక్ క్యూవెట్ పెట్టేశా. ఆ ప్లాస్టిక్కే యూవీని తాగేస్తుంది, క్వార్ట్జ్ వాడాలి. కానీ బ్లాంక్ కొడితే మిషన్ బుద్ధిగా 0.000 చూపించింది, ఎందుకంటే నువ్వు ఏది పెట్టి సున్నా అంటే దానికి అదే సున్నా. తర్వాత శాంపిల్ పెడితే ఓసారి 0.3, తీసి మళ్లీ పెడితే మైనస్ 0.1. గంటసేపు శాంపిల్‌ని తిట్టుకున్నాను.

అప్పట్నుంచి నా పద్ధతి ఏంటంటే రీడింగ్ 0.1కీ 1కీ మధ్య పడేలా పలచన చేసుకుంటా, అనుమానమొస్తే మిషన్‌ని ట్రాన్స్‌మిటెన్స్ మోడ్‌లోకి మార్చి చూస్తా. 2.7 అంటే గొప్పగా ఉంటుంది గానీ 0.2 శాతం అని కనపడితే దాని బతుకు తెలిసిపోతుంది.

మా జూనియర్ పాయింట్లన్నీ కిందకి తెచ్చుకుని మళ్లీ గీసింది, లైన్ స్కేల్ పెట్టినట్టు వచ్చింది. వచ్చే వారం డైక్రోమేట్ అనే ఇంకో రంగు రసాయనం చేస్తుందట, అదీ ఇలాగే నీళ్లతో పలచన చేసేస్తా అంటోంది. అది పలచన చేసేకొద్దీ అదే పదార్థంగా ఉండదు, కొంత క్రోమేట్ అనే వేరే పదార్థం వైపు జరిగిపోతుంది, రీడింగులు 1 లోపే ఉన్నా లైన్ వంగుతుంది, ముందే కాస్త క్షారం కలిపి అంతా క్రోమేట్ చేసేసుకుని 370 దగ్గర కొలుచుకో అని చెప్పా. “మళ్లీ వంగుద్దా అక్కా!” అని తల పట్టుకుంది.