చెరువులో మా వీధి

మద్రాసులో మా స్కూలు బ్యాచ్‌లో వెస్ట్ మాంబళం పేట నుంచి వచ్చేవాడు ఒకడుండేవాడు. ఇల్లు లేక్ వ్యూ రోడ్డులో. "లేకూ లేదు, వ్యూ కూడా లేదు, ఏం రోడ్డురా మీది?" అని వాణ్ణి ఏడిపించని రోజు లేదు.

1988లో, మేం తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, సోషల్ మాస్టారు పాత మద్రాసు మ్యాపు జిరాక్సు ఒకటి తెచ్చారు. మేముండే టి. నగర్, అంటే త్యాగరాయ నగర్, పుట్టకముందు వేసింది. మాంబళం దగ్గర ఉత్తర దక్షిణాలుగా పొడుగ్గా ఓ చెరువు, దాని మీద 'లాంగ్ ట్యాంక్' అని పేరు. "ఇందులో మీ ఇళ్లెక్కడో చూపించండి" అన్నారు.

పాత మ్యాపును బటర్ పేపరు మీద గీసి కొత్త మ్యాపు మీద పెట్టాలి. స్కేళ్లు వేరు కాబట్టి, మారని వాటిని పట్టుకోమన్నారు: మౌంట్ రోడ్డు, రైలు కట్ట, అడయారు నది. రైలు కట్ట కలిస్తే నది పక్కకు పోయేది. జిరాక్సు షాపుకి నాలుగుసార్లు తిరిగాం, డబ్బులు మాస్టారివే. చివరికి మూడూ ఓ మోస్తరుగా కలిశాయి. చూస్తే మా వీధి మొత్తం నీళ్లలో ఉంది! లేక్ వ్యూ వాడు ఆ రోజు బెంచీ ఎక్కి మరీ నవ్వాడు.

1920లలో ఆ చెరువును పూడ్చి టి. నగర్ వేశారట. పేటకి పిట్టి త్యాగరాయ చెట్టి పేరు, అక్కడి పార్కుకి పానగల్ రాజా పేరు, ఇద్దరూ జస్టిస్ పార్టీ నాయకులు. ఇద్దరూ తెలుగువాళ్లేనని మాస్టారు చెప్తే మాకు కాస్త గర్వమే. నుంగంబాకం వైపు చెరువు మీద లేచిందే తమిళ కవి తిరువళ్లువర్ స్మారకం వళ్లువర్ కోట్టం, 1976లో.

తర్వాత ఇంటింటికీ వెళ్లి, ఎప్పుడొచ్చారో అడిగి రాసుకురమ్మన్నారు. మా వీధిలో తెలుగు ఇళ్లు ఎనిమిదే, ఎక్కువమంది నెల్లూరు వైపు వాళ్లు. ఇల్లు కట్టుకున్నామన్న వాళ్లే గానీ, తాతల నాటి ఇల్లన్న వాళ్లు ఒక్కరూ లేరు. చెరువు పూడ్చకముందు ఇక్కడ నేలే లేదు మరి.

అన్నిటికన్నా ఆఖర్న మా నాయనమ్మను అడిగాను. బటర్ పేపరు వైపు చూడను కూడా చూడలేదు.

"చెరువు కాకపోతే, మన బావి తవ్వినప్పుడు అన్నేసి నత్తగుల్లలు ఎక్కణ్ణించి వచ్చాయిరా?" అంది.