రామప్ప చూసొచ్చిన రాత్రి, చింతగింజల పోకర్

కాజీపేటలో రైలు దిగేసరికే ముసురు పట్టింది. అయినా హనుమకొండలో అత్తమ్మ పెట్టిన సర్వపిండి తిని, ఇద్దరు బావలతో కలిసి ములుగు మీదుగా పాలంపేట బయల్దేరాను. 1213 నాటి రామప్ప గుడిని, అది 2021లో యునెస్కో జాబితాకెక్కాక చూడ్డం నాకిదే మొదలు. గుడి పైన విమాన గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయని గైడు చెప్తుంటే పెద్దబావ తలెత్తి అలాగే చూస్తుండిపోయాడు. లక్నవరం కూడా అనుకున్నాం గానీ వాన ఊరుకోలేదు.

రాత్రి పేక తీశాం. డబ్బు మాటే లేదు. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడితే కేసు. 2017లో చట్టం మార్చాక ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ కూడా అందులోకే వచ్చాయి. అత్తమ్మ అష్టాచెమ్మా డబ్బాలోంచి తలా వంద చింతగింజలు పంచింది. మూడుముక్కలాటలో ఆమెది పాత చెయ్యి. పోకర్ మాత్రం అంతకుముందు అరగంటలోనే నేర్పాను. నేర్పింది నేనే కాబట్టి కాస్త పొగరుగానే కూర్చున్నాను.

నాకు కళావరు ఆసు, ఇస్పేటు తొమ్మిది వచ్చాయి. అందరికీ ఉమ్మడిగా మధ్యలో పరిచినవి డైమన్ ఆసు, ఆఠీన్ ఏడు, ఆఠీన్ నాలుగు. తలా ఐదు గింజలు వేసుకున్నాం కాబట్టి కుప్పలో ఇరవై. ఎవరి దగ్గర ఏముందో కనిపెడదామని ఐదే వేశాను. ముగ్గురూ చకచకా ఐదైదు గింజలు వేశారు.

ఏం తెలిసింది? ఏమీ లేదు. పాతిక ఉన్న కుప్ప కోసం ఐదు ఇవ్వాలంటే ఆరింట ఒకసారి గెలిచినా చాలు. చేతిలో రెండు ఆఠీన్లుండి, ఐదూ ఒకే రంగు చేసుకోవడానికి ఇంకో ఆఠీను కోసం చూసేవాడికి తర్వాతి ముక్కలో అది వచ్చే అవకాశం ఐదింట ఒకటికి కాస్త తక్కువ. అంటే వాడూ ఇస్తాడు. పది అడిగి ఉంటే నాలుగింట ఒకసారి గెలవాలి, వాడికి గిట్టేది కాదు. పెద్దబావ నవ్వాడు: “నీ ఐదు గింజలు రామప్ప ఇటుకల్లా తేలిపోయినయ్ బావా.”

నాలుగో ముక్క ఇస్పేటు రెండు. ఈసారి కుప్ప మొత్తానికి సమానంగా నలభై పెట్టాను. పెద్దబావ ఆఠీన్ రాజు, ఆఠీన్ పది చూపించి మరీ ముక్కలు పడేసి తప్పుకున్నాడు. చిన్నబావ మాట్లాడకుండా ముక్కలు పడేశాడు. అత్తమ్మ మాత్రం గింజల్ని బొటనవేలితో జంటలుగా జరుపుకుంటూ, ఇరవై జతలు లెక్కపెట్టి ముందుకు తోసింది. ఆమె దగ్గర గట్టి ముక్కలున్నాయని అప్పుడు తెలిసింది. తెలుసుకోవడానికి నలభై పోశాను, పైగా నాకంటే చిన్న ముక్కలున్నవాళ్లందర్నీ నేనే లేపి పంపించాను. తెలుసుకుందామని మాత్రమే పందెం కాయడం దండగ. మంచి ముక్కలున్నాయనో, భయపెడదామనో కాస్తే ఆ తెలిసేది ఊరికే వస్తుంది.

చివరి ముక్క కళావరు జాకీ. నేను పందెం వేయకుండా ఆగాను. కుప్పలో నూట ఇరవై ఉంటే అత్తమ్మ ముప్పై పెట్టింది. ఇంత తక్కువా? మళ్లీ అదే ఆరింట ఒకటి లెక్క, ఈసారి నా నెత్తిన. ఇచ్చేశాను.

అత్తమ్మవి మూడు ఏడులు. చేతిలో రెండు, మధ్యలో ఒకటి.

“నీ దగ్గరున్న యాభై మొత్తం అడిగితే పడేస్తుంటివి అల్లుడా. ముప్పై అంటే ఇచ్చినవ్.”

ఇంకో ఆట వేద్దామన్నాను. ఇరవై గింజలతో ఏం ఆడతావని నవ్వి, అవి కూడా డబ్బాలో పోసుకుని మూత బిగించింది.