క్లచ్ మీద కాలు

డ్రైవింగ్ స్కూల్లో 20 రోజులకి 7,000 అన్నారు, 10 రోజులకైతే 4,000. పది చాలన్నాను. ఆపైన ఆదివారాలు బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుంటే మా పాత ఆల్టోలోనే వచ్చేస్తుంది, మూడు వేలు మిగులుతాయని నా లెక్క.

ఆ పది రోజుల్లో ఇంజను ఒక్కసారి కూడా ఆగిపోలేదు. విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర కూడా! నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఇన్‌స్ట్రక్టర్ కాళ్ల దగ్గరా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయనీ, సగం బండి నడిపింది ఆయనేననీ తర్వాత కదా అర్థమైంది.

బాబాయి ఆర్టీసీలో 31 ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆదివారం పొద్దున్నే ఐదున్నరకి బయల్దేరి, ప్రకాశం బ్యారేజీ దాటి, కరకట్ట మీదుగా వెంకటపాలెం దాకా ఆయనే నడిపేవాడు. అమరావతి కోసం వేసిన సీడ్ యాక్సెస్ రోడ్డు ఎక్కాక సీట్లు మారేవాళ్లం. అప్పట్లో ఆ రోడ్డు మీద కార్లకన్నా గేదెలే ఎక్కువ. మొదటి రోజు బండి 14 సార్లు ఆగిపోయింది. నేను కాదు, బాబాయే లెక్కపెట్టాడు.

"అమ్మడూ, ఎడంకాలు ఎక్కడుంది?"

"క్లచ్ మీద."

"గేరు మారుస్తున్నావా?"

"లేదు బాబాయ్."

"మరి తియ్యి. అది కాళ్లు పెట్టుకునే పీట కాదు."

తీసేదాన్ని. రెండు నిమిషాలకి కాలు మళ్లీ అక్కడే ఉండేది.

లైసెన్సు దగ్గర మాత్రం నిజంగానే డబ్బు మిగిలింది. బ్రోకరు 5,000 అడిగాడు. అసలు ఫీజులు చూస్తే ఎల్‌ఎల్‌ఆర్‌కి, అంటే నేర్చుకునేటప్పుడు ఇచ్చే లైసెన్సుకి 150, దాని పరీక్షకి 50, డ్రైవింగ్ టెస్టుకి 300, లైసెన్సుకి 200. పైన కొంచెం యూజర్ చార్జీలు. స్లాట్ నేనే ఆన్‌లైన్లో పెట్టుకున్నాను. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక డ్రైవింగ్ టెస్టుకి 30 రోజులు ఆగాలి, ఆరు నెలలు దాటితే మాత్రం మళ్లీ మొదటికొస్తుంది. మా ఫ్రెండ్ ఒకతి అలాగే రెండుసార్లు కట్టింది. నేను మొదటిసారి రివర్స్‌లో గీత తొక్కి ఫెయిలయ్యాను. వారం ఆగి ఇంకో 300 కట్టి వెళ్తే పాసయ్యాను. అన్నీ కలిపినా బ్రోకరు అడిగినదాంట్లో మూడో వంతు కాలేదు.

ఆ సంతోషం రెండు నెలలు కూడా నిలవలేదు. మా అపార్టుమెంటు సెల్లార్ ర్యాంపు మీద గేటు తీసేదాకా హ్యాండ్ బ్రేకు వెయ్యకుండా, హాఫ్ క్లచ్‌లోనే, అంటే క్లచ్ సగం తొక్కిపెట్టి యాక్సిలేటర్ ఇస్తూ, బండిని నిలబెట్టేదాన్ని. అదో గొప్ప విద్య అనుకున్నాను. కాలిన వాసన వస్తే పక్కింటివాళ్లు చెత్త తగలబెడుతున్నారేమో అనుకున్నాను. ఒకరోజు యాక్సిలేటర్ తొక్కితే ఇంజను అరుస్తోంది తప్ప బండి కదలదు.

ఆటోనగర్లో మెకానిక్ క్లచ్ ప్లేటు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. రివెట్లు బయటపడేదాకా అరిగిపోయింది. బిల్లు 6,500.

బాబాయి బిల్లు చూసి ఒక్క మాటా అనలేదు. ఇంటికొచ్చేటప్పుడు మాత్రం దారి పొడుగునా రోడ్డు వంక చూడకుండా నా ఎడంకాలినే చూస్తూ కూర్చున్నాడు.