నాలుగు ట్రేల నారు

“చందా పెంచక తప్పదు” అని కోశాధికారి అనగానే ఈ సాయంత్రం మీటింగులో ఎవరూ మాట్లాడలేదు. ఆయన చేతిలో మా తోటపని సంఘం లయబిలిటీ ఇన్సూరెన్స్ రెన్యువల్ కాగితం. మా వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం కట్టే బీమా అది. ప్రీమియం ఈసారీ పెరిగింది.

వెనక వరుసలోంచి ఒక పెద్దావిడ లేచారు. గోళ్లలో ఇంకా మట్టి ఉంది. “చందా పెంచితే నాలాంటి వాళ్లు మానేస్తారు. నా దగ్గర నాలుగు ట్రేల నారు ఉంది. అమ్మి, ఆ డబ్బు దీనికే వేసుకోండి” అన్నారు.

నాకు గొంతు పట్టేసింది.

పాలసీ వద్దనుకోలేం. మొక్కల ప్రదర్శనకు వచ్చినవాళ్లెవరైనా మేం పరిచిన నీళ్ల పైపు తట్టుకుని పడితే, పరిహారం మా మెడకే చుట్టుకోవచ్చు. ఇన్సూరెన్స్ ఉన్నట్టు సర్టిఫికెట్ చూపించకపోతే ప్రదర్శనకు హాలు కూడా ఇవ్వరు. క్లెయిమ్‌లో మొదటి కొంత మొత్తం మేమే భరిస్తామంటే ప్రీమియం తగ్గుతుందని ఒకరన్నారు. ఆ మొత్తం ముందే పక్కన పెట్టుకోవాలి కదా, మా ఖాతాలో అంత లేదు. వేరే సంఘాలతో కలిసి గ్రూప్ పాలసీ తీసుకోవడమే నాకు నచ్చింది. కనుక్కునే పని నేనే తీసుకున్నాను.

చివరికి చందా కొంచెమే పెంచి, మిగతాది మొక్కల అమ్మకంతో పూడ్చాలని తేల్చాం.

ఇంటికొచ్చి ఖాళీ కుండీలు లెక్కపెట్టాను. పదకొండు ఉన్నాయి. రేపు పొద్దున్నే విత్తనాలు వేస్తాను.